పైకప్పు ఉన్న రోడ్‌స్టరు

ప్రతి ఆదివారం ఉదయం మన కాలనీలో నా షెడ్డు తలుపు తెరుచుకునే వేళకు, నడకకు బయలుదేరిన మిత్రులలో ఎవరో ఒకరు ఆగి ఒకే ప్రశ్న వేస్తూంటారు: "ఈ బండిని ఇంకా ఎందుకు ఉంచుకున్నారండీ?" లోపల ఉన్నది 1984 నాటి ప్రీమియర్ పద్మిని. మీగడ రంగు. నా తొలి కారు. ఆ ప్రశ్నకు ఇన్నేళ్ళుగా నవ్వే నా సమాధానం. అయితే పదవీ విరమణకు ఇక రెండేళ్ళే గడువు ఉంది. క్వార్టరు ఖాళీ చేసే రోజున ఈ బండి ఎక్కడికి పోవాలన్నది మా ఇంట చర్చనీయాంశమైంది. అందుచేత ఆ ప్రశ్నకు ఒకసారి సరియైన సమాధానం వ్రాయవలసిన అవసరం కలిగింది. మన పత్రిక పాఠకులు ఓపికతో చదువుతారని నమ్ముతున్నాను.

గ్రంథాలయంలో పుట్టిన మోహం

కాకినాడ ఇంజనీరింగ్ కళాశాలలో చదువుతున్న రోజుల్లో, గ్రంథాలయంలో ఒక మూల పాత ఆంగ్ల మోటారు పత్రికల కట్టలు ఉండేవి. వాటిలో ఒక దాని అట్టపై ఎం.జి. కారు బొమ్మ చూశాను. రెండే సీట్లు. పైకప్పు లేదు. పొడవాటి బానెట్టు, దాని వెనుక నేలకు ఆనుకున్నంత కిందుగా కూర్చున్న చోదకుడు, గాలికి ఎగురుతున్న అతని జుట్టు. దానిని రోడ్‌స్టరు అంటారని ఆనాడే తెలిసింది. యంత్రశాస్త్ర విద్యార్థిని కనుక దాని సాంకేతిక వివరాలు చదివాను గాని, నన్ను కట్టిపడేసినది మాత్రం ఆ జుట్టే.

ఆక్స్‌ఫర్డులోని మోరిస్ గ్యారేజెస్ అనే విక్రయశాల నుండి పుట్టిన పేరు ఎం.జి. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లోనే ఆ సంస్థ టి.సి. అనే రోడ్‌స్టరును విడుదల చేసింది. 1962లో వచ్చిన ఎం.జి.బి. 1980 వరకు తయారై, పైకప్పు ఉన్న జి.టి. రకంతో కలిపి 5 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఈ శాఖలో మన దేశానికి దగ్గర చుట్టం కూడా ఒకటి ఉంది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డు మనలో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఇంగ్లండులో అదే హెరాల్డు ఛాసిస్‌ను కుదించి, దానిపై మిఖెలోట్టి అనే ఇటలీ రూపశిల్పి గీసిన తెరుపు దేహాన్ని అమర్చగా ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అయింది. అంటే మన ఊళ్ళ డాక్టర్లు, వకీళ్ళు నడిపిన బండికి, అక్కడి యువకులు కలలుగన్న బండికి పునాది ఒక్కటే. ఈ సంగతి చదివిన నాటినుండి మామూలు కార్లను నేను కొంచెం గౌరవంగా చూడసాగాను.

సూరత్‌లో తొలి కారు

1989లో ఉద్యోగరీత్యా సూరత్ చేరాను. పవర్‌లూమ్‌ల నగరమిది. తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన మన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ వంటి పేటలలో అనేకం ఉండడం వల్ల, పరాయి రాష్ట్రంలో ఉన్నామన్న బెంగ త్వరగానే తీరింది. స్కూటరుతో అయిదేళ్ళు హాయిగా గడిచాయి.

1994 సెప్టెంబరులో ప్లేగు వార్త వచ్చింది. కొద్ది రోజులలోనే లక్షలాది జనం ఊరు విడిచి పోయారు. మా పాపకు అప్పటికి ఎనిమిది నెలలు. భార్యను, పాపను ఊరికి పంపుదామని స్టేషనుకు వెళితే ప్లాట్‌ఫారంపై కాలు మోపే చోటు లేదు. మూడు రైళ్ళు వదులుకుని, అర్ధరాత్రి దాటాక స్కూటరుపైనే ముగ్గురమూ ఇంటికి తిరిగి వచ్చాము. పాప ముఖానికి తడిగుడ్డ కప్పి ఒడిలో పెట్టుకున్న మా ఆవిడ దారిపొడవునా ఒక్క మాట మాట్లాడలేదు. నాలుగు చక్రాల బండి విలాసం కాదని ఆ రాత్రి నాకు తెలిసింది.

ఆ మరుసటి సంవత్సరం సూర్యదేవర రామచంద్రరావు గారు నగరపాలక కమిషనరుగా వచ్చి, ఊరి ముఖాన్నే మార్చివేసిన చరిత్ర ఇక్కడి వారందరికీ తెలిసినదే. వీధులు శుభ్రపడ్డాయి, రోడ్లు వెడల్పయ్యాయి. వెడల్పైన ఆ రోడ్లపైకి 1997లో నేను నా కారుతో దిగాను. సంస్థ ఇచ్చిన వాహన రుణంతో కొన్న, అప్పటికే పదమూడేళ్ళ వయస్సు గల పద్మిని అది.

పద్మిని గురించి నేటి యువ ఇంజనీర్లకు నాలుగు మాటలు చెప్పాలి. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ, ఇటలీ ఫియట్ వారి 1100 నమూనాను బొంబాయిలోని కుర్లాలో తయారుచేసింది. ఆ నమూనాకే 1970లలో పద్మిని అన్న పేరు వచ్చింది. 1089 సి.సి. ఇంజను, సుమారు 40 అశ్వశక్తి. గేరు మీట స్టీరింగు కిందనే ఉంటుంది. మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు కనుక, బండి పూర్తిగా ఆగితే తప్ప అందులో పడదు. తొందరపడితే గరగరమని మందలిస్తుంది. చలికాలం ఉదయాన చోకు ఎంత లాగాలో, ఎప్పుడు వదలాలో ఏ పుస్తకమూ చెప్పదు, చెవి చెప్పాలి. ఆ ఇంజను మాట నా చెవికి అలవాటు కావడానికి ఆరు నెలలు పట్టింది.

అగ్గిపెట్టె పాఠం

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. కారు కొన్న ఏడాదికి నాకొక దురాలోచన పుట్టింది. పైకప్పు కోయించి, వెనుక సీటు తీసివేస్తే మనకూ ఒక రోడ్‌స్టరు అవుతుంది గదా! కాగితంపై కొలతలు వేసి, నాన్‌పురాలో షెడ్డు నడిపే ఒక వృద్ధ పార్సీ మెకానిక్కు వద్దకు తీసుకువెళ్ళాను. ఆయనను అందరూ బావాజీ అనేవారు. నా నక్షాను కళ్ళద్దాలు పైకెత్తి చూసి, జేబులోనుండి అగ్గిపెట్టె తీశారు.

"దీనిని మెలితిప్పండి సాబ్" అన్నారు. తిప్పాను, లొంగలేదు. లోపలి అరను బయటకు లాగి, "ఇప్పుడు దీనిని తిప్పండి" అన్నారు. పుల్లలు జలజలా రాలి, అర నా వేళ్ళ మధ్య మెలికలు తిరిగింది. "మూత ఉన్నది వాన కోసమే అనుకున్నారా?" అని అడిగి, నా కాగితాన్ని మడిచి నా చేతిలోనే పెట్టారు.

సిగ్గుతో ఇంటికి వచ్చి పాఠ్యపుస్తకం తెరిచాను. మూసుకుని ఉన్న పెట్టె ఆకారానికి మెలికను తట్టుకునే శక్తి ఎక్కువ. ఒక ముఖం తెరిస్తే ఆ శక్తి ఎన్నో రెట్లు పడిపోతుంది. పరీక్షలో ఈ లెక్క చేసి మార్కులు తెచ్చుకున్నవాడినే. 1953 నాటి ఫియట్ 1100 నుండి ఈ కారుకు వేరే ఛాసిస్ లేదు, దేహమే ఛాసిస్. పైకప్పు, స్తంభాలు, నేలరేకు అన్నీ కలసి బరువు మోస్తాయి. కప్పు కోస్తే గతుకుల రోడ్డుపై తలుపులు బిగుసుకుపోతాయి, రేకులు అతుకుల వద్ద చిట్లుతాయి. పాత ఎం.జి. టి.సి. వంటి బండ్లకు కింద విడిగా బలమైన చట్రం ఉండేది కనుక కప్పుతో పని లేకపోయింది. చట్రం లేని ఎం.జి.బి.కి తలుపుల కింది దిమ్మెలను దృఢమైన పెట్టెలవలె కట్టి ఆ లోటు పూరించారు. రోడ్‌స్టరు అంటే కప్పు తీసిన కారు కాదు, కప్పు లేకుండా నిలబడేలా పుట్టిన కారు. డిగ్రీ నాకు నేర్పలేని ఈ వాక్యాన్ని ఒక అగ్గిపెట్టె నేర్పింది.

నాన్నగారి పెన్సిలు

1998 డిసెంబరులో నాన్నగారు మా ఇంటికి వచ్చారు. బందరు సమీపంలోని పల్లెలో బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. కారు కొన్నానని ఉత్తరం వ్రాస్తే, అప్పు ఎంతో, వడ్డీ ఎంతో అడుగుతూ జవాబు వ్రాశారే గాని సంతోషమన్న మాట వ్రాయలేదు. వచ్చిన రోజున బండి చుట్టూ ఒకసారి తిరిగి, "లీటరుకు ఎంత వస్తుంది?" అన్నారు. నాకు తెలియదన్నాను. "ఇంజనీరువి!" అని మాత్రం అన్నారు.

ఆ సాయంత్రమే ఒక నలభై పేజీల నోటుపుస్తకం కొనితెచ్చి, స్కేలుతో గీతలు గీశారు. తేదీ, వెళ్ళిన చోటు, కిలోమీటర్లు, పెట్రోలు, విశేషములు. పంతులు గారు కనుక పెన్సిలుతోనే వ్రాసేవారు. తప్పు పడితే దిద్దుకోవచ్చునని.

ఆయన అడిగిన చోట్లు రెండే, బార్డోలీ, దండి. మా తాతగారు 1930లో బందరు తీరాన ఉప్పు వండినవారిలో ఒకరని ఇంట్లో చెప్పుకునేవారు. అదే సంవత్సరం ఏప్రిల్ 6న గాంధీజీ ఉప్పు తీసిన తీరం మాకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. డిసెంబరు 20, ఆదివారం. నవ్‌సారి మీదుగా బయలుదేరాము. నాన్నగారు ముందు సీటులో కూర్చుని, అద్దం పూర్తిగా దించి, పక్కనున్న చిన్న త్రికోణపు కిటికీని తనవైపు తిప్పుకున్నారు. గాలి నేరుగా ముఖానికి కొట్టసాగింది. పై ఉత్తరీయం ఎగిరి నా చేతిమీద పడుతున్నా తీసుకోలేదు. చెరకు తోటలు, చీకూ తోటలు దాటాము. తలపై పలచని తెల్లజుట్టు నిలువునా లేచి నిలిచింది. అరవై ఆరేళ్ళ ఆ ముఖంలో అంతటి ఉల్లాసాన్ని నేను అంతకు ముందు చూడలేదు.

దండి తీరాన కాసేపు మౌనంగా నిలబడ్డారు. తిరుగుదారిలో ఒకే మాట అన్నారు: "మీ తాతగారు ఇక్కడికి రావాలని ఎంతో అనుకునేవారురా, బండి ఖర్చు లేక రాలేదు." ఆ రాత్రి పుస్తకంలో ఆయన చేవ్రాత: "దండి పోయి వచ్చుట. 112 కి.మీ. పెట్రోలు 9 లీటర్లు. దారి బాగున్నది. గాలి హాయి." లీటరుకు పన్నెండున్నర లోపు. విశేషముల గడిలో "గాలి హాయి" అని వ్రాయడం మా నాన్నగారి లెక్కల పద్ధతికి విరుద్ధం. అందుకే నాకు అది గుర్తుండిపోయింది.

ఇంజను వంశవృక్షం

2004లో ఇటలీ మోటారు చరిత్రకు సంబంధించిన పుస్తకమొకటి చదువుతుండగా ఒక అంకె వద్ద ఆగిపోయాను. సిలిండరు వ్యాసం 68 మిల్లీమీటర్లు, పిస్టను కదలిక 75 మిల్లీమీటర్లు, నాలుగు సిలిండర్లు. గుణిస్తే 1089 సి.సి. అవి నా పద్మిని కొలతలే! కాని ఆ పుస్తకం చెబుతున్నది 1937 నాటి ఫియట్ 1100 గురించి. దాంటే జియకోసా అనే ఇంజనీరు రూపొందించిన ఆ ఇంజను వంశమే, మార్పులు చేర్పులతో కుర్లాలో మన కాలం వరకు నడిచింది.

ఇంకా ఆశ్చర్యకరమైన సంగతి తరువాతి పుటలో ఉంది. యుద్ధానంతరం ట్యూరిన్ నగరంలో చిసితాలియా అనే చిన్న సంస్థ ఈ ఫియట్ 1100 ఇంజనునే పదునుపెట్టి పందెపు బండ్లు కట్టింది. 1947లో ఇటలీ రహదారులపై వేయి మైళ్ళు సాగే మిల్లె మిలియా పందెంలో, పైకప్పు లేని చిసితాలియా బండిని నడిపినవాడు సుప్రసిద్ధ చోదకుడు తాజియో నువొలారి. అప్పటికి ఆయనకు 54 ఏళ్ళు, ఆరోగ్యం క్షీణించింది. తనకన్నా ఎంతో పెద్ద ఇంజనులున్న బండ్లను దాటి ముందంజలో ఉండగా, జోరువానలో జ్వలన వ్యవస్థ తడిసి మొరాయించడంతో వెనుకబడి, రెండవ స్థానంతో ముగించారు. ఆపైన 1955లో ఫియట్ వారు స్వయంగా 1089 సి.సి. ఇంజనుతో రెండు సీట్ల తెరుపు కారును జెనీవా ప్రదర్శనలో ఉంచారు.

ఆ పుస్తకం మూసి కిందికి దిగి, బానెట్టు ఎత్తి చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. కాకినాడ గ్రంథాలయం నుండి నేను వెతుకుతున్న రోడ్‌స్టరు ఏడేళ్ళుగా నా బానెట్టు కిందనే ఉంది. ఈ సంగతి ఉత్తరం వ్రాస్తే నాన్నగారు ఇచ్చిన జవాబు: "సంతోషము. ఆయిలు సకాలమున మార్చుచుండుము."

2005 జనవరిలో నాన్నగారు కాలం చేశారు.

తాపీ వరద

మనిషి మనస్సు విచిత్రమైనది. అంతటి ప్రేమ ఉన్నా, 2006 జూలైలో బండిని అమ్మడానికి ఒప్పుకున్నాను. పాప చదువు కోసం అప్పట్లో మేము అడాజణ్‌లో అద్దెకు ఉండేవాళ్ళము. కొత్త కారుకు రుణం మంజూరైంది. పద్మినిని తీసుకునే మనిషి ఆగస్టు 13, ఆదివారం వస్తానన్నాడు.

ఆగస్టు 7 రాత్రి నుండి తాపీ నది పొంగింది. ఉకాయ్ జలాశయం నుండి దాదాపు 9 లక్షల క్యూసెక్కుల నీరు విడుదల కాగా నగరంలో అధికభాగం మునిగిపోయింది. మా భవనంలో నీరు మొదటి అంతస్తు మెట్లను తాకింది. కరెంటు లేదు, తాగునీరు లేదు. ఇరుగుపొరుగు వారమంతా మేడపై చేరి ఒకే పొయ్యి మీద వండుకున్నాము. ప్రాణాలు దక్కితే చాలుననుకున్న ఆ రోజుల్లో కారు గురించి ఆలోచించడానికే సిగ్గు వేసింది.

నీరు తీశాక కిందికి దిగితే, బండి మోకాలి లోతు బురదలో సీట్లదాకా ఒండ్రు నింపుకుని ఉంది. కొనదలచిన మనిషి రాలేదు. తుక్కు వ్యాపారి వచ్చి కిలోల లెక్కన ధర చెప్పాడు. డాష్‌బోర్డు అర తెరిచాను. ఒండ్రుముద్దలో నాన్నగారి నోటుపుస్తకం చేతికి తగిలింది. నీటితో మెల్లగా కడిగి, పుట పుటకూ మధ్య పాత వార్తాపత్రిక ముక్కలు పెట్టి ఆరవేశాము. ఆయన తరువాత నేను బాల్‌పెన్నుతో, సిరాతో వ్రాసిన పుటలు చాలావరకు నీలిమరకలయ్యాయి. నాన్నగారి పెన్సిలు అక్షరాలు మాత్రం ఒక్కటీ చెదరలేదు. గ్రాఫైటు నీటిలో కరగదు. ఇది రసాయనశాస్త్రమే, అద్భుతమేమీ కాదు. అయినా ఆ సాయంత్రం "గాలి హాయి" అన్న మాట చదివి, తుక్కు వ్యాపారిని పంపివేశాను.

మునిగిన ఇంజనుకు చికిత్స

ఈ భాగం యువ ఇంజనీర్లకు ఉపయోగపడవచ్చు. మునిగిన బండి ఇంజనును ఎట్టి పరిస్థితిలోనూ వెంటనే స్టార్టు చేయకూడదు. గాలివలె నీరు సంకోచించదు. సిలిండరులో నీరుండగా పిస్టను పైకి వస్తే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. మొదట బ్యాటరీ తీగలు విప్పాలి. స్పార్కు ప్లగ్గులు తీసి, ఇంజనును చేతితో నెమ్మదిగా తిప్పి నీటిని బయటకు నెట్టాలి. సంపులోని ఆయిలు మజ్జిగ రంగులో వస్తే నీరు కలిసిందని అర్థం. దానిని పారబోసి, సంపు విప్పి ఒండ్రు తీసి, కొత్త ఆయిలు పోసి కొద్దిసేపు నడిపి, మళ్ళీ మార్చాలి. గేరుబాక్సు, వెనుక ఇరుసు ఆయిళ్ళకూ ఇదే విధి. బ్రేకు డ్రమ్ములు, చక్రాల బేరింగులు విప్పి కడిగి, కొత్త గ్రీజు పెట్టాలి.

బావాజీ షెడ్డూ మునిగింది. పనిముట్లు కడుగుకుంటూ కూర్చున్న ఆయన నా బండిని చూసి, "ముందు దీనితోనే దుకాణం తెరుద్దాం" అన్నారు. పదకొండు ఆదివారాలు పట్టింది. కంప్యూటరు అన్నది లేని బండి కావడమే దానిని బ్రతికించింది. తీగలు మార్చాము, డిస్ట్రిబ్యూటరు ఆరబెట్టాము, కార్బ్యురేటరు ముక్క ముక్కగా విప్పి శుభ్రం చేశాము. అక్టోబరు చివరి ఆదివారం నాడు చోకు లాగి తాళం తిప్పితే, రెండుసార్లు దగ్గి మూడవసారి పలికింది. పక్కన నిలబడిన మా పన్నెండేళ్ళ పాప చప్పట్లు కొట్టింది. నువొలారి బండి కూడా తడిసే ఆగింది గదా అని ఆమెకు ఆ కథ అప్పుడే చెప్పాను.

నేటి మాట

పద్మిని ఉత్పత్తి 2000 ప్రాంతంలో ఆగిపోయింది. ముంబయి వీధులలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో సెలవు తీసుకుంది. రోడ్‌స్టర్ల వంశం మాత్రం ఆగలేదు. 1989లో జపాను మాజ్దా సంస్థ ఎం.ఎక్స్-5తో పాత ఆంగ్ల రోడ్‌స్టర్ల స్ఫూర్తికి మళ్ళీ ప్రాణం పోసింది. ఆ బండి 2016 నాటికి 10 లక్షల సంఖ్యను చేరింది. అహమ్మదాబాదు సమీపంలోని కఠ్‌వాడాలో ప్రాణ్‌లాల్ భోగీలాల్ సేకరించిన పాతకార్ల ప్రదర్శనశాల ఉంది. సెలవుల్లో పిల్లలను తీసుకువెళ్ళవలసిన చోటు. అక్కడి తెరుపు బండ్ల ముందు నేను గంటలు గడిపాను. ఒకప్పటి అసూయ ఇప్పుడు లేదు. చోదకునికి, యంత్రానికి, గాలికి మధ్య అడ్డు ఎంత తక్కువ ఉంటే అది అంత రోడ్‌స్టరు అని నాకు తోస్తుంది. ఆ లెక్కన అద్దాలు దించిన నా పద్మిని వాటికి బంధువే.

2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాల నమోదుకు నియమాలు ప్రకటించింది. యాభై ఏళ్ళు నిండి, ఛాసిస్, దేహం, ఇంజను పెద్ద మార్పులు లేకుండా తొలి రూపంలో ఉన్న సొంత వాహనాలకే ఆ గౌరవం. ఆనాడు కప్పు కోసి ఉంటే నా బండికి ఆ అర్హత ఉండేది కాదు. బావాజీ ఇప్పుడు లేరు. ఉంటే ఈ మాట చెప్పి మరో అగ్గిపెట్టె ఇచ్చేవాడిని. నా పద్మినికి యాభై ఏళ్ళు నిండేది 2034లో. అప్పటికి నాకు అరవై ఏడు. దండికి వెళ్ళిననాటి నాన్నగారికంటే ఒక సంవత్సరం పెద్ద.

బండి ఎక్కడికి పోవాలన్న చర్చకు మా అమ్మాయి పోయిన నెలలో తెర దించింది. ఆమె ఉద్యోగం విద్యుత్ వాహనాల రంగంలో. పద్మినిని తుక్కుకు వేయమంటుందేమోనని లోలోపల భయపడ్డాను. ఆదివారం తెల్లవారుజామున తాళం అడిగి తీసుకుని, నన్ను ముందు సీటులో కూర్చోబెట్టి డుమస్ సముద్రతీరందాకా తానే నడిపింది. మొదటి గేరు రెండుసార్లు గరగరమంది. నేనేమీ అనలేదు. చిన్న త్రికోణపు కిటికీని నావైపు తిప్పుకున్నాను.

ఇంటికి వచ్చాక అమ్మాయి నోటుపుస్తకం తెరిచి, పెన్సిలు అడిగి తీసుకుంది.